తాడికొండ బడి, చీరాల బాలుడు

చీరాల, పేరాలలందు నేతపనివారి యిండ్లు పెక్కు కలవు. అట్టి యింట గుంతమగ్గమే సగము గదిని ఆక్రమించును. సాయంకాలము బడినుండి వచ్చిన బాలుడు కండెలు చుట్టి తల్లికి సాయపడవలెను. పిమ్మట పుస్తకము తెఱచుటకు చోటెక్కడ? వానికి తెలివి కొఱవడలేదు. చదువుకొను వేళయు, చోటును కొఱవడినవి.

గురుకుల పాఠశాలలు తీర్చినది ముఖ్యముగా ఈ కొఱతనే. 1971లో, శ్రీ పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్నపుడు, నల్లగొండ జిల్లా సర్వేలున మొదటిది వెలసెను. మరుసటి యేట కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలోను, రాయలసీమకు కొడిగెనహళ్ళిలోను అట్టివే యేర్పడినవి. ప్రవేశపరీక్షలో నెగ్గిన పేదపిల్లలకు అచట కూడు, గూడు, చదువు లభించెను. పదవతరగతి పరీక్షలలో రాష్ట్రస్థాయి ర్యాంకులు ఈ సర్కారు బడులకు దక్కుట పరిపాటి యయ్యెను. 1985లో శ్రీ నరసింహారావు కేంద్రమున విద్యాశాఖను చేపట్టిరి. జిల్లాకొక నవోదయ విద్యాలయ మను సంకల్పము 1986 జాతీయ విద్యావిధానమున చేరెను. తెలుగు బడి దేశమునకు ఒరవడి యయ్యెను.

మేలు విత్తనము ఏరి చల్లినచో పంట పండుటలో వింత యేమని కొంద ఱందురు. ఆ మాటలో సగము నిజము కలదు. కాని మిరపనారు ఎంత మేలైనదైనను, నీరు పెట్టి కలుపు తీయనిదే కాయునా? గురుకులమున రాత్రి చదువువేళ సైతము ఉపాధ్యాయుడు చెంతనే యుండును. లెక్క చిక్కుపడినచో బాలుడు అప్పుడే అడుగును. ఆనాటి తప్పు ఆనాడే దిద్దబడును. ఆ బడుల కీర్తికి ఇదియే మూలము.

మఱి ఒక్క మార్కు తక్కువయై ఆ గుమ్మమునుండి వెనుదిరిగిన బాలుని మాట యేమి? వాని తెలివి ఆ ఒక్క దినమున తఱిగిపోలేదు గదా! అందఱకు వసతిగృహములు కట్టుట వ్యయముతో కూడిన పని; ఒప్పుకొనవలసినదే. కాని ఊరి బడిలో ఒక గది, ఒక దీపము, రెండు గంటలు కూర్చుండు ఒక ఉపాధ్యాయుడు: వీనికి ప్రవేశపరీక్షతో పనిలేదు. (ఆ శ్రమకు తగిన వేతన మీయవలెను. త్యాగము పేర ఊరక చేయించుట తగదు.) ఇంత చిన్న యేర్పాటు చేయక, తాడికొండను మాత్రము పొగడుచు కూర్చుండుట న్యాయము కాదు.

సాయంకాలము బడికి తాళము పడును. కండెలు చుట్టుట ముగించిన బాలుడు పుస్తకము చేతబట్టి, వీథిదీపపు వెలుగు పడు అరుగును వెదకుకొనును.