మిలిటరీ బాబాయి ఆఖరి అర్జీ

గత నెల మన సంఘం ఒక పెద్ద దిక్కును కోల్పోయింది. ఈ సంపాదకీయం రాస్తున్న మాకు ఆయన స్వయానా బాబాయి. ఊరికీ, సంఘానికీ మిలిటరీ బాబాయి. డిసెంబర్ ఆఖరి వారంలో శనగ చేను చూసి వచ్చి, ఇంటి అరుగు మీద కూర్చున్నచోటే కన్నుమూశారు. డెబ్బై మూడేళ్లు. పక్కనే ఉన్న గుడ్డసంచిలో ఎప్పటిలాగే కాగితాల కట్ట ఉంది. ఈ నెల ఆ మనిషిని తలుచుకుంటూ, ఆ కట్టలో ఏముందో కూడా మీకు చెప్పాలి.

పందొమ్మిదేళ్లకే బాబాయి సైన్యంలో చేరారు. మద్రాస్ శాపర్స్ అనే ఇంజనీర్ల దళంలో పదిహేడేళ్లు పనిచేశారు. 1971 యుద్ధంలో పడమటి సరిహద్దున, బసంతర్ నది దగ్గర, మన ట్యాంకులు ముందుకు సాగడానికి మందుపాతరలు తీసి దారి చేసినవాళ్లలో ఆయన ఒకరు. యుద్ధం గురించి గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. అడిగి అడిగి మేం చెప్పించుకున్నది ఒక్క మాటే: "అక్కడ తొందరపడినవాడికి కాలు ఉండదు, ఆగిపోయినవాడి వెనక ట్యాంకు కదలదు."

సైన్యం నుంచి వచ్చాక, 1986లో, మాజీ సైనికుడిగా ప్రభుత్వం ఆయనకు ఐదెకరాల మెట్టకు డీకేటీ పట్టా ఇచ్చింది. భూమి అన్నారు గానీ అది సర్కారు తుమ్మ, రాళ్లు. పిన్నీ ఆయనా రెండేళ్లు రాళ్లు ఏరి గట్లు పోశారు. తర్వాత కంది, శనగ పండించారు. మా ఊళ్లో చాలామంది రైతులకు కాగితం విలువ నేర్పింది కూడా ఆయనే. విత్తనం కొన్నా, ఎరువు కొన్నా బిల్లు అడగాలనేవారు. అర్జీ ఇస్తే రసీదు తీసుకోనిదే గడప దిగొద్దనేవారు. ఒక ఏడు నకిలీ విత్తనంతో పంట పోయినప్పుడు, మా ఊళ్లో పరిహారం అందింది బిల్లులు దాచుకున్నవాళ్లకే.

అంత జాగ్రత్తపరుడికీ దెబ్బ కాగితంలోనే తగిలింది. మూడు బోర్లు ఎండిపోయి అప్పుల పాలైతే, 2016లో ఎకరం అమ్మి తీర్చేద్దామనుకున్నారు. రిజిస్ట్రేషన్‌కు వెళ్తే ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందన్నారు. ముప్పై ఏళ్లుగా దున్నుతున్న నేల, చేతిలో పట్టా ఉన్న నేల, అమ్ముదామంటే తనది కాదన్నట్టయింది. తనఖా పెట్టుకుందామన్నా బ్యాంకు ఒప్పుకోలేదు. అప్పు మీద వడ్డీ మాత్రం ఆగలేదు.

మామూలు అసైన్డ్ భూమిని అమ్మకూడదన్న చట్టం 1977లో వచ్చింది. పేదవాడి భూమి పెద్దల పాలు కాకూడదని తెచ్చిన చట్టం అది, దాన్ని మన సంఘం సమర్థిస్తూనే ఉంది. కానీ మాజీ సైనికులకు ఇచ్చిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని ప్రభుత్వ ఉత్తర్వులే చెబుతున్నాయి. ఆ లెక్కన బాబాయికి 1996లోనే హక్కు వచ్చింది. అయినా జాబితా తయారుచేసినవాళ్లు అన్ని డీకేటీ పట్టాలనూ ఒకే గాటన కట్టేశారు. ఒక్క కలం పోటుతో చేర్చిన నంబరును తీయించడానికి మాత్రం రైతు ఐదేళ్లు తిరగాల్సి వచ్చింది. ఒక కార్యాలయం నివేదిక పంపామంటుంది, ఇంకో కార్యాలయం అందలేదంటుంది. ఆయన కట్టలో ఇరవై మూడు అర్జీల రసీదులున్నాయి.

2021లో, ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులకు మద్దతుగా మనం పెట్టిన శిబిరంలో బాబాయి పతకాలు పెట్టుకుని కూర్చున్నారు. మూడు సాగు చట్టాలు వెనక్కి పోయాయన్న కబురు విని, "ఏడాది కదలకుండా కూర్చున్నారు, దారి అయింది" అన్నారు. డిసెంబర్ 16న, యుద్ధ విజయానికి యాభై ఏళ్లు నిండాయని పట్నంలో సభ పెట్టి ఆయనకు శాలువా కప్పారు. శాలువా కప్పిన అధికారి చేతిలోనే బాబాయి ఇరవై నాలుగో అర్జీ పెట్టారు. ఆయన నవ్వి, సోమవారం ఆఫీసుకు రమ్మన్నారు. సోమవారం వెళ్తే సారు క్యాంపులో ఉన్నారు. ఆ వారం గడవకముందే బాబాయి పోయారు. ఆ ఒక్క అర్జీకే రసీదు లేదు.

మాకు శాలువాల మీద కోపం లేదు. కానీ శాలువా కప్పిన చేత్తోనే ఆ సర్వే నంబరును జాబితా నుంచి తీసేసి ఉంటే, అదే అసలైన సన్మానం అయ్యేది. పదేళ్లు దాటిన మాజీ సైనికుల భూములన్నిటినీ ప్రభుత్వమే రికార్డు చూసి జాబితా నుంచి తీసేయాలి. పట్టా ఎవరికి, ఎప్పుడు, ఏ కింద ఇచ్చారో ఆ రికార్డు ఉన్నది వాళ్ల దగ్గరే. డెబ్బై ఏళ్ల ముసలివాళ్లూ, భర్త పోయిన ఆడవాళ్లూ దాన్ని రుజువు చేయడానికి మెట్లెక్కాల్సిన పని లేదు.

ఇక సభ్యులు చేయాల్సిన పని. మీ సర్వే నంబరు 22-ఏ జాబితాలో ఉందో లేదో అవసరం పడకముందే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. ఉంటే పట్టా నకలు, అడంగల్, సైనికులైతే డిశ్చార్జి పుస్తకం జత చేసి అర్జీ పెట్టండి. రసీదు లేకుండా రావద్దు. మీ ఊళ్లో సైనిక కుటుంబాల భూములు ఎన్ని ఇలా చిక్కుకున్నాయో రాసి, ఈ నెలాఖరులోగా సంఘం ఆఫీసుకు పంపండి. అందరివీ ఒకే కట్టగా కలెక్టరు గారికి ఇద్దాం.

ఫౌతి కింద పేరు మార్పించుకోవడానికి పిన్ని వచ్చే సోమవారం వెళ్తున్నారు. బాబాయి సంచి ఆవిడే పట్టుకుంటారు. ఆవిడ వెంట మేమూ వెళ్తున్నాం, మీరూ రండి. ఇరవై ఐదో అర్జీకి రసీదు తీసుకునే వద్దాం.

మిలిటరీ బాబాయికి జోహార్లు.