సగం మాత్రతో మత్తు తగ్గుతుందా?

కుంగుబాటుకు వైద్యుడు రాసిన మాత్ర వేసుకున్న మరునాడు మనిషి లేవలేకపోతే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఫజ్ర్ నమాజుకు లేపినా కళ్ళు తెరవరు, పగలంతా మగతే. ‘మోతాదు ఎక్కువైంది, సగం వేసుకోండి’ అని ఎవరో ఒకరు అంటారు. (ఈ సలహా ఇచ్చేవారు సాధారణంగా ఆ మందు వేసుకునేవారు కారు!) చాలా మందుల విషయంలో ఈ లెక్క సరిపోవచ్చు. మిర్టాజపిన్ విషయంలో తిరగబడవచ్చు.

మెదడును మెలకువగా ఉంచే పదార్థాల్లో హిస్టమిన్ ఒకటి. 7.5 లేక 15 మిల్లీగ్రాముల చిన్న మోతాదులోనే మిర్టాజపిన్ దానిని గట్టిగా అడ్డుకుంటుంది. జలుబు మాత్ర వేసుకుంటే కమ్ముకునే నిద్ర వంటిదే ఇది. మోతాదు 30, 45 మిల్లీగ్రాములకు చేరినప్పుడు చురుకును కలిగించే నారడ్రినలిన్ ప్రభావం బలపడి ఆ మత్తును కొంతవరకు ఎదుర్కొంటుందని వైద్యుల వివరణ. అందరిలోనూ ఇలాగే జరగదు. కొందరికి పెద్ద మోతాదులోనూ మగత వదలదు. అయినా ఇంట్లో మాత్రను విరవటం వల్ల మత్తు తగ్గకపోగా, కుంగుబాటుకు అందవలసిన మందు అందకుండా పోయే ప్రమాదం ఉన్నది.

నిద్ర మొదటి రాత్రుల్లోనే కుదుటపడవచ్చు. మనసు తేరుకోవటానికి మాత్రం సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఈ మధ్యకాలమే అసలు గడ్డుకాలం. బాగా నిద్రపోతున్నారు, ఆకలి కూడా పెరిగింది, ఇక నయమైనట్లేనని కుటుంబం నిశ్చింతగా ఉంటుంది. ఆకలి, బరువు పెరగటం ఈ మందు గుణమే. లోపలి నిరాశ అలాగే ఉండవచ్చు. పాతికేళ్ళ లోపు వారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉన్నందున వారిని ఒంటరిగా వదలరాదు. అటువంటి మాట ఏ వయసువారి నోట వచ్చినా ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు.

మగత బాధిస్తుంటే మాత్ర వేళ మార్చాలో, మోతాదు మార్చాలో వైద్యుడే నిర్ణయించాలి. అంతవరకు బండి నడపకండి. హఠాత్తుగా మానితే తలతిరుగుడు, వికారం, ఆందోళన కలుగుతాయి. సాధారణంగా రాత్రి ఒక్కసారే వేసుకునే మందు గనుక రమజాన్ ఉపవాసాల కోసం మానవలసిన పని ఉండదు. అయినా నెల మొదలయ్యేలోగా వైద్యుణ్ణి అడగండి. వెళ్ళినప్పుడు ఎన్ని గంటలు నిద్రపోయారన్నది ఒక్కటే చెప్పి ఊరుకోకండి. పగటిపూట మాట, నవ్వు, పనిలో ఆసక్తి ఎలా ఉన్నాయో కూడా చెప్పండి.