విందుబల్ల నడుమ వెండి

ఫ్రెంచివారు సుర్తూ అనేది విందుబల్ల నడుమ నిలిపే అలంకరణ: కింద అద్దం పలక, దానిపై వెండి పీఠం, ఆపైన పండ్లకో పూలకో క్రిస్టల్ గిన్నె. 19వ శతాబ్దంలో వంటకాలన్నీ ఒకేసారి బల్లమీద పరిచే పద్ధతి తగ్గి, ఒక్కొక్కటే తెచ్చి వడ్డించే రష్యన్ పద్ధతి వచ్చింది. ఖాళీ అయిన నడిమి చోటు సుర్తూకు దక్కింది. మూడో నెపోలియన్ కోసం క్రిస్టోఫ్లే సంస్థ వందమంది విందుకు చేసినది 1871లో ట్యూలరీ ప్యాలెస్ మంటల్లో చిక్కింది. శిథిలాల్లో దొరికిన భాగాలు పారిస్‌లోని ఒక మ్యూజియంలో ఉన్నాయి. చక్రవర్తిగారిదీ వెండి పూతే!

అసలు వెండిని పట్టించేది ముద్ర. 1838 నుంచి ఫ్రెంచి వెండిపై శిరస్త్రాణం పెట్టుకున్న మినర్వా తల ఉంటుంది. పాత వస్తువులపై 1 అంకె ఉంటే వెయ్యింట 950 పాళ్లు, 2 ఉంటే 800. క్రిస్టల్ మెరుపు సీసపు ఆక్సైడ్‌ది. నిమ్మరసంలాంటి పులుపు అందులో నిలవ ఉంటే సీసం దిగుతుంది, కనుక అది చూపుకే మేలు.

తెలుగునేలపై ఇలాంటి బల్లకు తగిన చోటు హైదరాబాదు ఫలక్‌నుమా. అక్కడి భోజనబల్ల 101 మందికి. లేపాక్షి వీరభద్రాలయంలో మాత్రం కంచాలే నేలబండలో తొలిచి ఉన్నాయి, అన్నానికీ కూరలకూ వేర్వేరు గుంటలతో. శిల్పులు తిన్నవని కొందరు, రంగులు కలిపినవని కొందరు అంటారు. నేలమీది పంక్తిలో నడిమి చోటు వడ్డించేవారి నడకకే.