కోతల లెక్క కాదు, చూపు లెక్క చెప్పండి

మా అమ్మమ్మ ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యింది. క్యాంపు వాళ్లు వ్యాను పెట్టి పట్నం తీసుకెళ్లారు. లెన్సు వేశారు. నల్లద్దాలు పెట్టి, బేనరు ముందు నిలబెట్టి ఫొటో తీశారు. మర్నాడు ఊరి కింద రోడ్డు మీద దింపేశారు. ఎలా ఉందే అని అడిగితే ఆవిడ అన్న మాట: "ఎలుగొచ్చింది గానీ బాబూ, ముకాలు రానేదురా."

ఏడాది తర్వాత నేనే ఆవిడను ఇంకోచోట చూపించాను. పరీక్ష చేసి నంబరు అద్దాలు పెట్టేసరికి, బోర్డు మీద పై గుర్తే చెప్పలేని మనిషి కింది వరుసల దాకా చెప్పింది. లెన్సు బాగానే ఉంది. లేనిది అద్దాలు. ఆ ఒక్క జత అద్దాలు లేక ఏడాదిపాటు జీడిపిక్కలు తడుముకుంటూ ఏరింది, గెడ్డ దాటుతూ రెండుసార్లు పడింది. కానీ ఆ క్యాంపు లెక్కలో ఆవిడ ఎప్పుడో "పూర్తయిన కేసు".

నా కోపం ఆ లెక్క మీద.

2016లో హైదరాబాద్ సరోజినీ దేవి ఆస్పత్రిలో ఆపరేషన్ల తర్వాత ఇన్ఫెక్షన్ సోకి పేదల కళ్లు పోతే పేపర్లు రాశాయి, రాయాలి కూడా. కానీ చీము పట్టకుండా, గోల లేకుండా సగం చూపుతో మిగిలిపోయే కన్ను ఎవరికీ వార్త కాదు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం కొండల్లో అలాంటి కన్ను వార్త కావడం అటుంచి, అసలు లెక్కలోకే రాదు.

కొంచెం చరిత్ర చూద్దాం. యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న విమానం ప్లాస్టిక్ ముక్కలు కంటికి హాని చెయ్యకుండా ఉండిపోవడం చూసి, 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటి లెన్సు వేశాడు. అది మన పేదల దాకా రావడానికి నలభై ఏళ్లకు పైనే పట్టింది. 1990ల నడుమ ప్రపంచ బ్యాంకు అప్పుతో మన రాష్ట్రంతో సహా కొన్ని రాష్ట్రాల్లో లెన్సు ఆపరేషన్లు పెరిగాయి. 1992లో మదురైలో మొదలైన ఆరోల్యాబ్ లెన్సు ధరను బాగా దించింది. అంతకుముందు మన తాతలకు శుక్లం తీసేసి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. అప్పుడు అద్దాలు లేకుండా ఆపరేషన్ లేదని అందరికీ తెలుసు. లెన్సు వచ్చింది, అద్దాల సంగతి మరిచిపోయారు.

మరవకూడదు. ఎందుకంటే కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి ఎవరి కంటికి తగ్గ పవరు వాళ్లకి వెయ్యాలి. సరిగ్గా కొలిచి వేసినా, కోత వల్ల వంపు కొంచెం మారుతుంది. అందుకే గాయం మానాక, ఇంచుమించు నెలా నెలన్నరకు, మళ్లీ పరీక్ష చేసి నంబరు చూడాలి. కొందరికి నెలలకో ఏళ్లకో లెన్సు వెనక పొర మసకేస్తుంది. అది లేజర్‌తో నిమిషాల పని. అంటే ఆపరేషన్ ఒక్క రోజులో అయిపోయేది కాదు. కానీ మనకు దొరికేది ఆ ఒక్క రోజే.

"ఉచితంగా చేస్తున్నారు కదా, ఇంకేటి కావాలి?" అంటారు. ఎవరి డబ్బు ఉచితం? జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. స్వచ్ఛంద ఆస్పత్రులకు ఒక్కో ఆపరేషన్‌కు ఇంత అని గ్రాంటు వస్తుంది. అది ప్రజల డబ్బు. కోతను లెక్కపెట్టి డబ్బులిస్తే కోతలే పెరుగుతాయి.

"గిరిజనులు చుక్కలు వేసుకోరు, చెప్పిన మాట వినరు" అని ఇంకో మాట. కట్టెల పొయ్యి పొగలో, గెడ్డ నీళ్లతో బతికే మనిషిని పట్నంలో చూపించుకోడానికి కూలి మానుకుని రమ్మని, రాకపోతే తప్పు ఆమెదే అనడం ఏ న్యాయం? నేపాల్‌లో సందుక్ రూయిత్ బృందం చవక పద్ధతిలో చేసిన ఆపరేషన్లను ఖరీదైన మెషీన్ పద్ధతితో పోల్చి, 2007లో ఫలితాలు ప్రచురించింది. ఆరు నెలలకు రెండు పద్ధతుల్లోనూ 98 శాతం మందికి, అద్దాలతో సరిచేశాక, 6/18 లేదా అంతకన్నా మంచి చూపు ఉంది. చవక అంటే నాసి అని ఎక్కడా లేదు. ఆరు నెలలకు వాళ్లు వెతికి చూశారు. మనల్ని ఎవరూ చూడరు, తేడా అదే.

2021లో ప్రపంచ ఆరోగ్య సభలో దేశాలన్నీ ఒప్పుకున్నది కూడా ఇదే: ఎన్ని ఆపరేషన్లు చేశారన్నది కాదు, చేశాక ఎందరికి మంచి చూపు వచ్చిందన్నది లెక్కపెట్టాలి. ఢిల్లీ ఒప్పుకున్న ఆ కొలత మన కొండ ఎక్కలేదు.

అందుకే మనం అడగాల్సినవి:

1. ఆరు వారాల పరీక్ష మన మండలంలోనే జరగాలి, నంబరు అద్దాలు అక్కడే ఇవ్వాలి.
2. వేసిన లెన్సు పవరు, ఆపరేషన్‌కు ముందు, తర్వాత చూపు ఎంతో రాసిన కార్డు మనిషి చేతిలో ఉండాలి.
3. క్యాంపు పెట్టినవాళ్లు ఎందరికి చూపు వచ్చిందో గ్రామసభలో చదివి వినిపించాలి. పీసా చట్టం 1996 నుంచి ఉంది, గోడ మీద రాసుకోడానికి కాదు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఆపరేషన్ వద్దని ఎవరూ అనకండి. శుక్లం ముదిరి గట్టిపడితే ఆపరేషన్ కష్టమవుతుంది, ఆలస్యం మనకే నష్టం. వెళ్లాలి, వెళ్లి పూర్తి చూపు అడగాలి.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం మీ ఊళ్లో ఆపరేషన్ అయిన అవ్వా తాతల దగ్గరికి వెళ్లండి. ఆరు మీటర్ల దూరంలో నిలబడి వేళ్లు చూపించి ఎన్నో అడగండి. చెప్పలేకపోతే పేరు, ఆపరేషన్ తేదీ రాసుకోండి, ఆ కాగితం ఐటీడీఏకి ఇద్దాం. వాళ్ల దగ్గర కోతల లెక్క ఉంది. చూపు లెక్క మన దగ్గర ఉండాలి.

జై ఆదివాసీ.