తరగతి గదిలోకి గాలి ఎటునుంచి వస్తుంది?

2020 మార్చిలో మూతపడిన ఒమన్‌లోని ఇండియన్ స్కూళ్లు ఆ తర్వాత మళ్లీ ఒక్కో తరగతికీ తలుపులు తీశాయి. బస్సులో ఎంతమంది, బెంచీకి ఎందరు, వారానికి ఎన్ని రోజులు... తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో చర్చంతా అప్పుడు ఈ లెక్కల మీదే సాగింది. అసలు ఆ గది ఎలా ఉందన్నది మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

మస్కట్‌లో 1975లో మొదలైన ఇండియన్ స్కూల్‌ నుంచి సలాలా, సోహార్, సూర్, నిజ్వా దాకా దేశంలో ఎన్నో ఇండియన్ స్కూళ్లున్నాయి. పిల్లలు పెరిగినంత వేగంగా గదులు పెరగలేదు. అందుకే కొన్నిచోట్ల మధ్యాహ్నం షిఫ్టు నడిపారు. ఎండల దేశం కాబట్టి కిటికీలు బిగించి ఏసీ వేస్తారు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది గానీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. వైరస్ గాలి ద్వారా కూడా సోకుతుందని తేలాక కూడా మనం బల్లలు తుడవడం దగ్గరే ఆగిపోతే ఎలా?

ఇది ఇవాళ్టి బెడద కాదు. క్షయ భయపెట్టిన రోజుల్లో, 1904లో, బెర్లిన్ పక్కనున్న షార్లొటెన్‌బర్గ్‌ వాళ్లు ఏకంగా అడవిలోనే బడి పెట్టారు. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో కిటికీలు బార్లా తెరిచి, చలికాలంలోనూ పాఠాలు చెప్పారు. అంత దూరం ఎందుకు, మన మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో చెట్ల కింద తరగతులు మామూలే. 1970 నాటికి మూడే బడులున్న ఈ ఒమన్‌లో, చెట్టు నీడనైనా సరే పిల్లలకు చదువు చెబుతామన్న సుల్తాన్ ఖాబూస్ మాటను ఇప్పటికీ తలుచుకుంటారు.

మే నెలలో మస్కట్‌లో చెట్టు కింద కూర్చోమంటే ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కానీ నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా? శుక్రవారం వస్తే చాప, పులిహోర డబ్బా పట్టుకుని ఖురుమ్ పార్కుకు పరుగెత్తేది మనమే కదా! ఆ నాలుగు నెలలూ చిన్న తరగతుల కథలు, బొమ్మలు, ఎక్కాలు ఆవరణలో షేడ్ నెట్ కింద జరగవచ్చు. అప్పుడు ఖాళీ అయ్యే గదుల్లో పై తరగతులవారు దూరం దూరంగా కూర్చుంటారు.

ఆన్‌లైనే కొనసాగించండి అన్నవాళ్లూ అప్పట్లో ఉన్నారు. ఒక్క ఫోన్‌తో ఇద్దరు పిల్లల్ని చదివించిన ఇళ్లను అడిగి చూడండి, ఏమంటారో.

ఇండియన్ స్కూళ్ల బోర్డులో మనం ఓట్లు వేసి పంపిన తల్లిదండ్రులూ ఉన్నారు. ఫీజుల సంగతితో పాటు, ప్రతి గదిలో ఎన్ని కిటికీలు తెరుచుకుంటాయో, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎప్పుడు పెడతారో కూడా వాళ్లను రాతపూర్వకంగా అడగవచ్చు.