ఇంకా కట్టడం పూర్తికాని ఆలయం

ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 ప్రైవేటు మద్యం దుకాణాలకు తలుపులు తెరిచారు. 180 మిల్లీలీటర్ల సీసా 99 రూపాయలకే దొరికేలా విధానం తెచ్చారు. తెలంగాణలో 2025 చివర్లో 2,620 దుకాణాలకు లాటరీ తీస్తే 90 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో దరఖాస్తుకు 3 లక్షల రుసుము, అదీ తిరిగి ఇవ్వనిది. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,700 కోట్లకు పైగా చేరింది. పొరుగువానికి తాగబోసేవానికి శ్రమ అని హబక్కూకు ప్రవక్త చెప్పిన మాట పాలకులకు ఎవరు గుర్తు చేస్తారో గాని, ఈ రాబడి లెక్కలు దినపత్రికలు బాగానే రాశాయి. మేము అడిగేది వేరే లెక్క. ఆ 99 రూపాయలు ఎవరి జేబులో ఉంటాయి?

కూలికి వెళ్ళే తండ్రి జేబులో ఉంటాయి. ఇంటర్ చదివే కొడుకు జేబులోనూ ఉంటాయి. ఇద్దరు స్నేహితులు కలిస్తే చెరో యాభై, పైగా ఒక రూపాయి మిగులుతుంది కూడా. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదు. వయసు ఎంత అని అడిగే కౌంటరు మాత్రం మాకు ఇంతవరకు కనబడలేదు. (కాపరులం కాబట్టి ఆ కౌంటర్ల ముందు ఎక్కువసేపు నిలబడం లెండి, దారిన పోతూ చూసినంతలో.) 18 ఏళ్ళలోపు వారికి పొగాకు అమ్మకూడదనీ, బడికి 100 గజాల లోపల అసలే అమ్మకూడదనీ 2003 నాటి చట్టం చెబుతోంది. పిల్లల చేతికి మద్యం గాని పొగాకు గాని ఇస్తే ఏడేళ్ళ వరకు కఠిన శిక్ష అని 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతోంది. అయినా కాలేజీ గేటు ఎదుటి బడ్డీలో సిగరెట్లు విడిగా, ఒక్కొక్కటిగా అమ్ముతూనే ఉన్నారు. పెట్టె మీద 85 శాతం మేర పుండు పడిన నోటి బొమ్మ వేయించారు సరే, ఒక్క సిగరెట్ కొనే పిల్లవాడు ఆ పెట్టెను చూసేదెప్పుడు?

2019లో దేశమంతటా 13 నుంచి 15 ఏళ్ళ విద్యార్థుల మీద జరిగిన పొగాకు సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. పన్నెండు మందిలో ఒకరు. మీ సండే స్కూల్ పెద్ద తరగతిలో ఇరవై నలుగురు కూర్చుంటే ఇద్దరన్నమాట. ఇదంతా మగపిల్లల సంగతే అనుకుంటాం గాని, ఆ సర్వేలో బాలురు 9.6 శాతం, బాలికలు 7.4 శాతం. మమ్మల్ని ఇంతకంటే ఆపిన సంఖ్య మరొకటి ఉంది. సిగరెట్ తాగేవారిలో 38 శాతం, బీడీ తాగేవారిలో 47 శాతం, గుట్కా, ఖైనీలాంటివి నమిలేవారిలో 52 శాతం మంది పదో పుట్టినరోజు రాకముందే మొదలుపెట్టారు.

పదేళ్ళలోపు పిల్లవాణ్ణి చెడగొట్టే స్నేహితులు ఎవరుంటారు? వాడికి తెలిసిన లోకం ఇల్లే. నాన్నకు సిగరెట్ తెమ్మని కొట్టుకు పంపుతాం. తాత పొయ్యి దగ్గర చుట్ట అంటించుకు రమ్మంటాడు; అంటించాలంటే ఒక్క దమ్మైనా లాగాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే అవ్వల ఒళ్ళో పెరిగిన పిల్లలు ఉన్నారు. ఆ అవ్వల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. కాబట్టి చెడు సహవాసం అనే మాటను బజారు మీదికి నెట్టేముందు మన అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూసుకోవాలి.

ఇక దేహం సంగతి. నలభై ఏళ్ళవాడు తాగితే పాడయ్యేది కట్టిన ఇల్లు. పదిహేనేళ్ళవాడు తాగితే పాడయ్యేది పచ్చి స్లాబు. స్లాబు పోశాక మేస్త్రీ ఇన్ని రోజులు నీళ్ళు కట్టమంటాడు, పిల్లల్ని దాని మీద తొక్కనివ్వవద్దంటాడు. అప్పుడు పడిన అడుగు గుర్తు తర్వాత ఎంత సిమెంటు పూసినా ఎక్కడో అక్కడ కనబడుతుంది. మెదడు వెనుక భాగం నుంచి ముందుకు ఎదుగుతుంది. మంచిచెడ్డలు తూచి ‘వద్దు’ అని చెప్పే నుదుటి వెనుక భాగం అన్నిటికంటే చివర, పాతికేళ్ళ ప్రాంతంలో గాని పూర్తికాదు. సుఖం కోరే భాగం మాత్రం పన్నెండు పదమూడేళ్ళకే చురుగ్గా ఉంటుంది. సరిగ్గా ఈ మధ్యకాలంలోనే పొగ, మద్యం దొరుకుతున్నాయి.

పొగలోని నికోటిన్ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఎదిగే మెదడు దాన్ని తన కట్టడంలో భాగంగా కలుపుకుంటుంది. అందుకే రోజూ తాగే స్థితికి రాకముందే, వారానికి ఒకటో రెండో తాగే దశలోనే, కొందరు పిల్లల్లో చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, మళ్ళీ కావాలనే తహతహ మొదలవుతాయి. ‘నాకేం అలవాటు కాలేదు అంకుల్, ఎప్పుడైనా ఒకటి’ అని వాడు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు, వాడికే తెలియదు. ఊపిరితిత్తులు కూడా ఈ వయసులో ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. పొగ తాగే పిల్లల్లో ఆ ఎదుగుదల నెమ్మదిస్తుంది, చేరవలసిన సామర్థ్యానికి చేరకుండానే ఆగిపోవచ్చు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారుజామున గ్రౌండులో 1600 మీటర్లు పరుగెత్తే మన సంఘపు కుర్రాళ్ళకు ఇంతకంటే సూటిగా తగిలే మాట లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే క్యాన్సర్ అంటే వాళ్ళు వినరు. మూడో రౌండులో ఆయాసం అంటే వింటారు.

మద్యం మరోలా మోసం చేస్తుంది. ఎక్కువ తాగిన పెద్దవాడికి నిద్ర ముంచుకొస్తుంది, కాళ్ళు తడబడతాయి. ఇక చాలని దేహమే చెబుతుంది. కుర్రవయసులో ఆ హెచ్చరిక బలహీనంగా ఉంటుందని పరిశోధకులు అంటారు. కాబట్టి వాడు ఇంకా తాగగలడు, ‘నాకు ఎక్కదు’ అని గొప్ప చెప్పుకుంటాడు. దెబ్బ మాత్రం జ్ఞాపకం దాచుకునే హిప్పోకాంపస్ అనే భాగానికి పడుతూనే ఉంటుంది. రాత్రి ఏం జరిగిందో తెల్లారి గుర్తులేకపోవడం తమాషా కాదు, ఆ కొన్ని గంటలు మెదడు రాయడమే మానేసిందని అర్థం. ఎముకలు గట్టిపడేది, ఎదుగుదల హార్మోన్లు జోరుగా పనిచేసేది కూడా ఈ ఏళ్ళలోనే; అతిగా తాగితే రెండూ దెబ్బతింటాయి. పదిహేనేళ్ళలోపు తాగడం మొదలుపెట్టినవారు తర్వాత మద్యానికి బానిసలయ్యే అవకాశం, ఇరవై దాటాక మొదలుపెట్టినవారి కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అని 1990ల్లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. మొదలుపెట్టే వయసును అయిదేళ్ళు వెనక్కి జరపగలిగితే చాలా జీవితాలు మిగులుతాయి.

మరి ఈ పని సంఘాలు ఎలా చేస్తున్నాయి? నిజం చెప్పాలంటే, దొరికాక శిక్షించడమే. వాసన వచ్చిందని గాన బృందంలో నుంచి తీసేస్తాం, బల్లకు దూరం పెడతాం. క్రమశిక్షణ వద్దని మేము అనడం లేదు. అయితే పిల్లవాడు దాని నుంచి నేర్చుకునేది మానడం కాదు, దాచడం. యాలకులు నమలడం, యౌవనస్థుల కూటానికి రాకపోవడం, చివరకు సంఘమే మానేయడం. ఆ పిల్లవాణ్ణి తీసేసిన పెద్దల ఇళ్ళలో పెళ్ళి జరిగితే పందిరి వెనుక కారు డిక్కీలో ఏముంటుందో వాడికి తెలుసు. సమాధి తవ్వినవారికి ‘ఖర్చుల’ కింద ఇచ్చే డబ్బు ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. యిర్మీయా 35లో రేకాబీయుల ముందు ప్రవక్తే ద్రాక్షారసపు గిన్నెలు పెడితే వాళ్ళు తాగలేదు. మా తండ్రి యోనాదాబు వద్దన్నాడు అన్నారు. తరాలు గడిచినా ఆ తండ్రి మాట నిలిచింది. మన ఇళ్ళలో ఎందరు తండ్రుల మాటకు అంత బరువుంది?

మరొకటి. కానా విందులో ప్రభువు మార్చింది ద్రాక్షపండ్ల రసమేనని పిల్లలకు చెప్పేవారున్నారు. దయచేసి అలా చెప్పకండి. వాడు ఫోను తీసి అయిదు నిమిషాల్లో తేల్చుకుంటాడు, ఆ తర్వాత మనం చెప్పే మిగతావి కూడా నమ్మడు. లేఖనం ద్రాక్షారసాన్ని పూర్తిగా నిషేధించలేదు, మత్తును మాత్రం ఖండించింది. పొగాకు ప్రస్తావనే లేదు. సామెతలు 23వ అధ్యాయం చివర తాగుబోతు కళ్ళ ఎరుపును, గాయాలను, మళ్ళీ ఎప్పుడు తాగుదామా అనే ఆరాటాన్ని డాక్టరు రాసిన చీటీలా వర్ణించింది. 1 కొరింథీ 6:19లో దేహం ఆలయమని పౌలు అన్నదాన్ని గద్దింపుగా గాక, పైన చెప్పిన స్లాబు సంగతితో కలిపి చెప్పి చూడండి. అదీ పదహారేళ్ళకు కాదు. తొమ్మిదేళ్ళకు, వేసవి వి.బి.ఎస్.లోనే.

కాపరులకు, ప్రార్థన మందిరాలు నడిపేవారికి ఒక హెచ్చరిక. కొన్నాళ్ళుగా రోజూ ఎక్కువగా తాగే మనిషి, వయసు ఎంతైనా, ఒక్కసారిగా ఆపేస్తే మొదటి మూడు నాలుగు రోజుల్లో వణుకు, చెమటలు, ఫిట్స్, లేనివి కనబడటం వంటివి రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. దాన్ని దురాత్మ అనుకుని గదిలో పెట్టి ఉపవాసం ఉంచడం చాలా ప్రమాదం. ప్రార్థన చేయండి, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వే అలవాటు మనది; అక్కడా, విశాఖలోనూ ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఇలాంటివారికి కూడా చికిత్స చేస్తాయి.

డిసెంబరు 31 రాత్రి మనం ఆరాధనలో ఉండగా దుకాణాలకు సమయం పొడిగించడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైంది. ఆ రాత్రి గాని మరే రాత్రి గాని, తాగి పడిపోయిన కుర్రవాడికి మజ్జిగ పట్టించడం, తల మీద నీళ్ళు కుమ్మరించడం వల్ల మత్తు దిగదు. కాలేయం తన సమయం తాను తీసుకుంటుంది. పిలిస్తే పలకకపోయినా, ఊపిరి నెమ్మదించినా, ఒళ్ళు చల్లబడినా వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. వెల్లకిలా పడుకోబెడితే వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. ఇంట్లో తెలుస్తుందన్న భయంతో స్నేహితులు ఫోన్ చేయరు. ఫోన్ చేసినవాణ్ణి తిట్టబోమని తల్లిదండ్రులు, కాపరులు ముందే చెప్పి ఉంచాలి.

పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356, మద్యం, మత్తుమందుల విషయంలో 14446, రెండూ ప్రభుత్వ ఉచిత నంబర్లు. ఆరాధన వేళలు రాసే బోర్డు మీద, వాటి కిందే రాయించండి. చెప్పుల దగ్గర వంగినప్పుడు ఎవరూ చూడకుండా రాసుకోగలిగే ఎత్తులో ఉంటే మంచిది.