కంప్యూటర్‌లో గెలిచిన ఆకు ఒంట్లోనూ గెలుస్తుందా?



వానాకాలం వచ్చిందంటే మన ఫోన్లలోకి కొన్ని మెసేజ్‌లు వచ్చేస్తాయి. బొప్పాయి ఆకులో డెంగీ వైరస్‌ను చంపే పదార్థం ఉందని శాస్త్రవేత్తలు తేల్చారని ఒకటి, తులసి గురించి ఇంకొకటి. వీటిలో కొన్నింటి వెనుక నిజంగానే ఒక పరిశోధన పత్రం ఉంటుంది. కాకపోతే అందులో ఉన్నది చాలాసార్లు కంప్యూటర్ లెక్క మాత్రమే. ఈ తేడా మన పిల్లలకు పదో తరగతి దాటేలోపే తెలియాలని నా అభిప్రాయం.

ఆ లెక్కను డాకింగ్ అంటారు. వైరస్ ప్రొటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. మొక్కల్లోని రసాయనాలను ఒక్కొక్కటిగా ఆ ప్రొటీన్ గుంటలో రకరకాల కోణాల్లో అమర్చి చూస్తారు. ఏది ఎంత గట్టిగా అతుక్కోగలదో సాఫ్ట్‌వేర్ అంచనా కట్టి మార్కు వేస్తుంది. 2020లో కరోనా వైరస్ ముఖ్య ప్రోటియేజ్ ఆకారం అందరికీ అందుబాటులోకి రాగానే పసుపు, వేప, తులసి రసాయనాలపై ఇలాంటి పత్రాలు కుప్పలుగా వచ్చాయి. ఆటోడాక్ వైనా వంటి సాఫ్ట్‌వేర్ ఉచితం. మన ఔషధ మొక్కల రసాయనాల డేటాబేస్‌ను చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ అందరికీ తెరిచి ఉంచింది. ల్యాప్‌టాప్ ఉంటే ఇంటర్ విద్యార్థి కూడా ప్రయత్నించవచ్చు.

ఇది పనికిరాని విద్య కాదు. వేల రసాయనాల్లోంచి పరీక్షించదగిన పదింటిని ఏరిపెడుతుంది. కానీ అది మొదటి వడపోతే. జేఈఈ మెయిన్ దాటినంత మాత్రాన ఐఐటీ సీటు వచ్చినట్టు కాదని మీకు చెప్పనక్కర్లేదు.

పసుపులోని కుర్కుమిన్‌నే తీసుకోండి. కంప్యూటర్‌లో దానికి తరచూ మంచి మార్కులే వస్తాయి. కానీ తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. తిప్పతీగ సంగతి చూడండి. అది వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై వైద్యులు నివేదించారు. ఇలాంటివి డాకింగ్ మార్కులో కనిపించవు.

మొక్కల నుంచి మందులు రావా అంటే, వస్తాయి. బిర్యానీలో వేసే అనాస పువ్వులోని షికిమిక్ ఆమ్లం ఫ్లూ మందు ఒసెల్టామివిర్ తయారీకి ముడిసరుకు. దాన్ని ఎన్నో రసాయన చర్యలతో మార్చి, మనుషులపై పరీక్షించాకే మందు అయింది. అంతేగానీ బిర్యానీ తింటే ఫ్లూ తగ్గదు.

అందుకే మీకు రెండు విన్నపాలు. ఇలాంటి మెసేజ్ వస్తే పిల్లలతో కలిసి ఒక్క ప్రశ్న వేయండి: ఈ పరీక్ష జరిగింది కంప్యూటర్‌లోనా, గాజు గొట్టంలోనా, మనుషుల్లోనా? మనుషుల్లో అయితే ఎంతమందిలో? సైన్స్ ఫెయిర్‌లో "డెంగీకి మందు కనుగొన్నాం" అనే చార్టు కన్నా "ల్యాబ్‌లో పరీక్షించాల్సిన మూడు రసాయనాలు" అనే చార్టునే మెచ్చుకోండి. నిజాయితీగా చెప్పింది ఆ బిడ్డే.

రెండోది, పిల్లలకు జ్వరం వస్తే ఆకు రసంతో రోజులు గడపకండి. డెంగీ వైరస్‌ను నేరుగా అణిచే ఆమోదిత మందు ఇప్పటికీ లేదు. వేళకు ద్రవాలు, వైద్యుల పర్యవేక్షణే ప్రాణం కాపాడతాయి. జ్వరం తగ్గుతున్న రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.